మూడేళ్ల అగ్రిమెంట్‌కి నోటరీ చాలంటున్నారు, సంతకం పెట్టవచ్చా?

సాయంత్రం ట్యూషన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదివారం లోపు సంతకం పెట్టాల్సిన అగ్రిమెంట్ ఒకటి నా దగ్గర ఉంది. నాలుగు పేజీలు. చదివిన ప్రతిసారీ ఒక కొత్త చోట ఆగిపోతున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తారని ఇక్కడ అడుగుతున్నాను.

రెండు బెడ్‌రూముల ఇల్లు, మొదటి అంతస్తు. అద్దె 16,000, అడ్వాన్స్ 48,000. ఓనర్ గారు విదేశంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇక్కడి వ్యవహారాలన్నీ ఆయన బావమరిది గారే చూస్తారు. పెద్దాయన, మాట మంచిది, మాతో మర్యాదగానే ఉన్నారు. అగ్రిమెంట్ ఆయనే 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద టైప్ చేయించి తెచ్చారు, మూడేళ్లకి. "ఏటా రాసుకోవడం ఎందుకమ్మా, నోటరీ చేయిస్తే రిజిస్ట్రేషన్ చేసినట్టే" అన్నారు.

నా భయం అంతా పాత ఇంటి వల్ల వచ్చింది. అక్కడ ఐదేళ్లున్నాం. ఒక్క నెల అద్దె ఆలస్యం చేయలేదు. ఖాళీ చేసేటప్పుడు 60,000 అడ్వాన్స్‌లో చేతికొచ్చింది 19,000. పెయింటింగ్, వైరింగ్, వాష్‌బేసిన్ అని లెక్క చెప్పారు. ఆ వాష్‌బేసిన్ పగులు మేం చేరిన రోజుకే ఉంది. కుళాయి కింద నుంచి అంచు దాకా వెంట్రుకంత సన్నగా, చివర్లో రెండుగా చీలి ఉండేది. మా పాప దాన్ని నది అనేది. మొదటి రోజే ఓనర్‌కి చూపించాను, "తర్వాత మార్పిద్దాం" అన్నారు. ఐదేళ్ల తర్వాత అది మేం పగలగొట్టినట్టు అయింది. నా దగ్గర ఫోటో లేదు, కాగితం లేదు. అగ్రిమెంట్‌లో మాత్రం "తగిన ఖర్చులు మినహాయించుకొని" అని ఉంది. రెండు వారాలు తిరిగి, ఇక ఓపిక లేక వదిలేశాను.

అందుకే ఈసారి నన్ను ఆపుతున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"కాలపరిమితి 36 నెలలు. అద్దెదారు మొదటి 24 నెలలలోపు ఖాళీ చేసినచో అడ్వాన్సు మొత్తం జప్తు చేయబడును."

"ఓనరు గానీ వారి తరఫు వారు గానీ ఎప్పుడైనను ఇంటిలోనికి వచ్చి పరిశీలించవచ్చును."

"అద్దె రెండు నెలలు బకాయిపడినచో ఓనరు ఇంటికి తాళము వేసి సామాను స్వాధీనపరచుకొనుటకు అద్దెదారు సమ్మతించుచున్నారు."

"ఇంటిని నివాసమునకు మాత్రమే వాడవలెను."

"ఖాళీ చేయునపుడు తగిన ఖర్చులు మినహాయించి అడ్వాన్సు తిరిగి ఇవ్వబడును."

ఆ నివాసం మాట గురించి ఇంకో సంగతి. నేను సాయంత్రం 5 నుంచి 7 దాకా ఎనిమిది మంది పిల్లలకి ట్యూషన్ చెప్తాను. ముందే చెప్పాను, "దానిదేముందమ్మా, చెప్పుకోండి" అన్నారు. కాగితంలో మాత్రం ఆ మాట లేదు. మా పాప ఎనిమిదో తరగతి. పదో తరగతి అయ్యేదాకా ఇల్లు మారకూడదని నా కోరిక, కాబట్టి మూడేళ్లు అన్నది నాకూ ఇష్టమే. నోటరీతో ఆ మూడేళ్లకి భరోసా ఉంటుందా? ఇవన్నీ మార్చమంటే ఇల్లే ఇవ్వం అంటారేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

పాత దస్తావేజు

అమ్మా, నేను డాక్యుమెంట్ రైటర్‌ని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చుని కాగితాలు రాయడం మొదలుపెట్టి 23 ఏళ్లయింది. నోటరీ చేయిస్తే రిజిస్ట్రేషన్ చేసినట్టే అన్న మాట నేను వారానికి పదిసార్లు వింటాను. అది తప్పు. నోటరీ చేసేది ఈ సంతకం ఈ మనిషే పెట్టాడు అని ధ్రువీకరించడం. రిజిస్ట్రేషన్ అంటే ఆ దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలోకి ఎక్కడం. ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాది దాటిన లీజు ఏదైనా తప్పకుండా రిజిస్టర్ చేయాలి. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 కూడా అదే చెబుతుంది. అందరూ 11 నెలలకి రాసుకునేది ఇందుకే. ఆ సంఖ్యలో వేరే మహిమ ఏమీ లేదు, ఏడాది దాటకుండా చూసుకోవడమే. మీ కాగితం 36 నెలలది. రిజిస్టర్ చేయకపోతే అందులోని మూడేళ్లు అన్న మాటకి కోర్టులో బలం ఉండదు. మీరు ఇంట్లో అద్దెకున్నారు అని చెప్పడానికి ఆ కాగితం పనికొస్తుంది గానీ గడువుకి పనికిరాదు. అప్పుడు మిమ్మల్ని నెలనెలా అద్దెదారు కిందే లెక్కేస్తారు. అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసుతో అద్దె ముగించవచ్చు. ఆ కాగితంతో ఆయన మిమ్మల్ని 24 నెలలు కట్టిపడేయలేరు, మీరూ పాప పదో తరగతి దాకా ఇల్లు నాదే అనలేరు. ఇద్దరికీ భరోసా లేని కాగితానికి నోటరీ ఖర్చు ఎందుకు పెట్టాలి?

కాబట్టి ఉన్నవి రెండే దారులు. మూడేళ్లు కావాలంటే సరైన స్టాంప్ డ్యూటీ కట్టి రిజిస్టర్ చేయించండి. లేదంటే 11 నెలలకి రాసుకుని, గడువు ముగిసే ముందు కొత్త కాగితం రాసుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో సవరించిన సెక్షన్ 17 ఏడాది లోపు లీజుకి కూడా రిజిస్ట్రేషన్ అడుగుతుంది, కాబట్టి దాని సంగతి కూడా ఆఫీసులో కనుక్కోండి. 11 నెలలు అని పైన రాసి, కింద "ఇట్లు మూడు సంవత్సరములు కొనసాగును" అని కలిపేవాళ్లు ఉన్నారు. ఆ వాక్యం రానివ్వకండి, తగాదాకి అదే మొదలవుతుంది.

స్టాంప్ సంగతి. 100 రూపాయల పేపర్ అనేది అలవాటుగా వచ్చిన మాట. అద్దె, గడువు, అడ్వాన్స్, మీ రాష్ట్రం రేటు, వీటిని బట్టి డ్యూటీ లెక్క ఉంటుంది. తక్కువ స్టాంప్ మీద రాసిన కాగితాన్ని, తక్కువైన డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టేవరకు కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. 1899 స్టాంప్ చట్టం సెక్షన్ 35. చాలామంది ఇంకో మాట కూడా అడుగుతారు, ఆరు నెలలు దాటిన స్టాంప్ పేపర్ చెల్లదట కదా అని. ఆరు నెలలు అన్నది వాడని పేపర్ తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకునే గడువు మాత్రమే. సుప్రీంకోర్టు 2008లో ఈ విషయం స్పష్టంగా చెప్పింది.

ఇక తాళం వేసే మాట. దాని మీద సంతకం పెట్టకండి. అద్దె బకాయి ఉన్నా సరే, ఇంట్లో ఉన్న మనిషిని చట్టప్రకారమే ఖాళీ చేయించాలి. నోటీసు ఇవ్వాలి, కోర్టుకో అద్దె వ్యవహారాలు చూసే అథారిటీకో వెళ్లాలి. చట్టం దారి కాకుండా బయటికి నెట్టేస్తే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం అడగవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నే రాదు, మిమ్మల్ని ఎలా బయటికి పంపారు అన్నదే చూస్తారు. అయినా కాగితంలో ఆ మాట ఉంటే రేపు ఎవరో తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "మీరే ఒప్పుకున్నారుగా" అంటారు. కోర్టు తీర్పు వచ్చేదాకా పిల్లని పెట్టుకుని మెట్ల మీద కూర్చోవాల్సింది మీరే. కొట్టేయమని అడగండి.

అడ్వాన్స్ మొత్తం జప్తు అన్నది కూడా రాసినంత మాత్రాన జరిగిపోదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద, ఒప్పందం తప్పినప్పుడు న్యాయమైన పరిహారమే వస్తుంది. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. ఖాళీ చేయాలంటే ఇరువైపులా రెండు నెలల నోటీసు, నోటీసు ఇవ్వకపోతే ఆ నెలల అద్దె మినహాయింపు, అని రాయమనండి. నేను రాసే కాగితాల్లో ఎక్కువ గొడవ లేకుండా నడిచిన పద్ధతి ఇదే.

"తగిన ఖర్చులు" అన్న రెండు మాటలు ఎన్ని ఇళ్లలో ఎంత డబ్బు మింగాయో నేను చూశాను. మీ పాత ఇంటి కథ చదివాక మనసు బాధపడింది. చట్టం మీ వైపే ఉంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగివ్వాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మీ లెక్కలోకి రాదు. ఐదేళ్లకి గోడ రంగు వెలిసిందంటే అది అరుగుదల. తీసుకున్న స్థితి ఏమిటో చూపించే కాగితం లేకనే మీరు ఓడిపోయారు.

ఈసారి అగ్రిమెంట్‌కి చివర ఒక షెడ్యూల్ జతచేయించండి. హద్దులు రాసే షెడ్యూల్ ఎలాగూ ఉంటుంది, ఇది ఇంకోటి. తాళాలు తీసుకునే రోజు ఇద్దరూ కలిసి గది గదీ తిరగండి. ఫ్యాన్లు ఎన్ని, ఏవి తిరుగుతున్నాయి, గీజర్ పని చేస్తుందా, ఏ కిటికీ అద్దం పగిలింది, ఏ గోడకి చెమ్మ ఉంది, కరెంటు మీటర్ రీడింగ్ ఎంత, తాళంచెవులు ఎన్ని. వాష్‌బేసిన్ పగులు లాంటిది ఉంటే పొడవెంతో కూడా రాయండి. కింద ఇద్దరి సంతకాలు, తేదీ. ఫోటోలు తీసి అదే రోజు ఆయనకి వాట్సాప్‌లో పంపండి. సంతకం పెట్టిన మర్నాడు రాసినదాన్ని ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

చివరగా, అన్నిటికంటే ముందు చూడాల్సింది. బావమరిది గారు ఏ అధికారంతో సంతకం పెడుతున్నారు? ఆయనకి జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని ఓనర్ రాసిచ్చిన అధికార పత్రం, ఉండాలి, అందులో ఇల్లు అద్దెకి ఇచ్చే అధికారం, అద్దె తీసుకునే అధికారం ఉన్నాయో లేదో చదవాలి. విదేశంలో రాసిన జీపీఏ అయితే అది మన దేశానికి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ వేయించాలి. కాపీ అడగడానికి మొహమాటపడకండి. ఇంటి పన్ను రసీదు, ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) కూడా చూడండి. ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంటే, తాకట్టులో ఉన్న ఇంటిని మూడేళ్లు దాటి అద్దెకివ్వడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 65ఏ ఒప్పుకోదు. లోన్ పత్రంలో ఇంకా గట్టి షరతులు ఉన్నా ఉండవచ్చు.

కింద వాటా ఓనర్

నేను ఓనర్ వైపు నుంచి రాస్తున్నాను. పైన వాటా అద్దెకిచ్చి కింద మేం ఉంటాం. చెల్లెమ్మా, మీ ఓనర్ బావమరిది గారు ఆ తాళం మాట ఎందుకు రాయించి ఉంటారో నాకు అర్థమవుతుంది. మా దగ్గర ఒకాయన చివరి నాలుగు నెలలు అద్దె కట్టకుండా, కరెంటు బిల్లు మూడు నెలలది వదిలేసి, ఒక రాత్రి సామాను ఎత్తుకుని వెళ్లిపోయారు. అడ్వాన్స్ రెండు నెలలదే ఉంది. కనెక్షన్ నా పేరు మీద కాబట్టి బిల్లు నేనే కట్టాను. ఆ తర్వాత నేనూ కోపంలో అలాంటి మాటలే రాయించాను. వచ్చిన మంచి కుటుంబాలు చదివి వెనక్కి పోయాయి. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది.

ఇప్పుడు నేను రాయించేది ఇది: "అద్దె ప్రతి నెల 5వ తేదీలోపు ఫలానా బ్యాంకు ఖాతాకు జమచేయవలెను. కరెంటు, నీటి బిల్లుల రసీదులు ప్రతి నెలా ఓనరుకు పంపవలెను. ఒక నెల అద్దె బకాయిపడినచో వ్రాతపూర్వక నోటీసు, రెండవ నెల కూడా చెల్లించనిచో 15 రోజుల గడువుతో ఒప్పందము రద్దు." ఓనర్‌కి కావాల్సిన ధైర్యం అందులోనే ఉంది. మీరే ఈ వాక్యం రాసి తీసుకెళ్లండి. తాళం మాట కొట్టేయమని ఉత్తచేతులతో అడిగితే ఆయనకి అనుమానం వస్తుంది. దాని బదులు ఇది పెట్టండి అంటే వింటారు.

ఇంట్లోకి ఎప్పుడైనా రావచ్చు అన్నదానికి, కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో మంచి పద్ధతి ఉంది. రిపేరు కోసమో చూడటానికో వస్తే 24 గంటల ముందు చెప్పాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అది నమూనా చట్టం, రాష్ట్రం తీసుకుంటేనే అమలు. కానీ ఆ మాటలు మన అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రిపేర్లు కూడా అందులో పంచి ఇచ్చారు. గోడల సున్నం, తలుపుల రంగు, పైపులు, లోపలి వైరింగ్ ఓనర్‌వి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెదారువి. నేను ఆ జాబితానే రాయించాను, అప్పటి నుంచి మా ఇంట్లో రిపేరు మీద మాట పడలేదు. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు అని కూడా అందులో ఉంది. మీది మూడు నెలలది, ఒకసారి అడిగి చూడండి.

లెక్కల మనిషి

ఒక్క విషయం, ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఓనర్ గారు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఎన్నారైయా కాదా కనుక్కోండి. ఇక్కడ ఉండే ఓనర్‌కి నెలకి 50,000 దాటి అద్దె కడితేనే మనలాంటి వ్యక్తులు టీడీఎస్ (అద్దె ఇచ్చే ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఎన్నారై ఓనర్ అయితే ఆ పరిమితి వర్తించదు, 16,000 అయినా కోసి కట్టే బాధ్యత అద్దెదారుదే. బావమరిది గారి ఖాతాలో వేసినా అద్దె ఓనర్‌దే కాబట్టి బాధ్యత పోదు. అగ్రిమెంట్‌లో "అద్దె నుండి చట్టప్రకారము కోయవలసిన పన్ను అద్దెదారు కోసి చెల్లించును" అని ఒక వాక్యం పెట్టించి, ఆడిటర్ దగ్గర ఒకసారి కూర్చోండి. మూడేళ్ల తర్వాత నోటీసు వస్తే అంతా ఒకేసారి మీద పడుతుంది.

సాయంత్రం ట్యూషన్

అందరికీ చేతులెత్తి దండం. పాత దస్తావేజు గారూ, ట్యూషన్ సంగతి ఒక్కటి మిగిలిపోయింది. నోటిమాటగా ఒప్పుకున్నారు కదా, అది చాలదా?

పాత దస్తావేజు

చాలదమ్మా. కాగితంలో నివాసానికి మాత్రమే అని ఉంటే రేపు పై వాటావాళ్లు పిల్లల గోల అని ఫిర్యాదు చేసినప్పుడు ఆ కాగితమే బయటికొస్తుంది. "నివాసమునకు, మరియు సాయంత్రము 5 నుండి 7 వరకు పది మందికి మించకుండా పిల్లలకు ట్యూషన్ చెప్పుటకు" అని రాయించండి. ఎనిమిది అని రాయకండి, ఒక్క పిల్లవాడు పెరిగినా షరతు తప్పినట్టు అవుతుంది. బయట బోర్డు పెట్టనని మీరే ఒక మాట చేర్చండి. నోటితో సరే అన్నది రాయడానికి ఆయన వెనకాడితే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకు మంచిది.

సాయంత్రం ట్యూషన్

ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను. శనివారం బావమరిది గారి ఇంటికి వెళ్లాను. భయం వేసి మా ఆయన్ని కూడా తీసుకెళ్లాను. మార్చాల్సిన వాక్యాలన్నీ ఒక తెల్ల కాగితం మీద పాతది ఎడమవైపు, కొత్తది కుడివైపు రాసుకుని వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. తాళం మాట దగ్గర ఆగి, "ఇది నేను రాయించింది కాదమ్మా, టైప్ చేసేవాడి దగ్గర ఉన్న పాత కాగితంలోది" అన్నారు. దాని బదులు బ్యాంకు ఖాతా, 15 రోజుల గడువు వాక్యం చూపిస్తే వెంటనే సరే అన్నారు. ట్యూషన్ మాట రాశారు, బోర్డు వద్దన్న మాటతో సహా. 24 గంటల ముందు ఫోన్ చేసి రావడం, ఇరువైపులా రెండు నెలల నోటీసు, రిపేర్ల పంపకం అన్నీ ఒప్పుకున్నారు. అడ్వాన్స్ మాత్రం తగ్గించలేదు. కానీ తాళాలిచ్చిన రోజు నుంచి 15 రోజుల్లోపు, రసీదులు చూపించిన ఖర్చు మాత్రమే పట్టుకుని మిగతాది ఇస్తామని రాశారు.

జీపీఏ చూపించారు. అద్దెకిచ్చే అధికారం ఆరో పేరాలో ఉంది. ఓనర్ గారు జనవరిలో వస్తున్నారట. అప్పుడు ఆయనే వచ్చి మూడేళ్లకి రిజిస్టర్ చేయిస్తామన్నారు, ఖర్చు చెరిసగం. అప్పటిదాకా 11 నెలల కాగితం. టీడీఎస్ కోసం ఆడిటర్ దగ్గరికి ఈ గురువారం వెళ్తున్నాను.

ఈ రోజు పొద్దున తాళాలు తీసుకునే ముందు ఇద్దరం నోట్‌బుక్ పట్టుకుని ఇల్లంతా తిరిగాం. మీటర్ రీడింగ్ 8416. ఫ్యాన్లు ఐదు, హాల్లోది రెగ్యులేటర్ పని చేయదు. వంటింటి కిటికీకి ఒక గొళ్లెం లేదు. పదహారు వరుసలు రాసి అయిపోయిందనుకుని పెన్ను మూత పెట్టాను. పెద్దాయన బాత్రూం తలుపు దగ్గర వంగి, కింద చెక్కని వేలితో నొక్కి చూసి, "ఇది తడికి ఉబ్బింది చూడు, మొన్నటి వాళ్లప్పుడే. ఇది కూడా రాయమ్మా" అన్నారు. పదిహేడోది ఆయన చెప్పిందే రాశాను. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.